చిన్న ఓడ తిరగబడిన రోజు: మైన్‌స్వీపర్ల మీద మీ ప్రశ్నలు

1942 ఏప్రిల్ 6న విశాఖ మీదా కాకినాడ మీదా జపాన్ విమానాలు బాంబులు వేసిన సంగతి పోయిన సంచికలో ఒకరు అడిగితే చెప్పాం. ఆ జవాబు చివర "అదే ఏడాది నవంబరులో బెంగాల్ అనే మైన్‌స్వీపర్ జపాన్ ఓడలకు ఎదురు నిలిచింది" అని ఒక్క వాక్యం రాసి వదిలేశాం. మీరు మాత్రం వదల్లేదు. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆ వాక్యం మీదే కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం ఈ ఓడలకే, అంటే సముద్రంలో శత్రువు పెట్టిన మైన్లను (ఓడలను పేల్చే బాంబులను) తీసే మైన్‌స్వీపర్లకే. వేరే ప్రశ్నలు పంపినవాళ్లు దయచేసి వచ్చే సంచిక దాకా ఆగండి.

ప్రశ్న: సార్, బెంగాల్ అనే మన మైన్‌స్వీపర్ ఒంటరిగా రెండు పెద్ద జపాన్ యుద్ధనౌకలను ముంచేసిందని మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు. అంత చిన్న ఓడ ఎలా ముంచగలదు? నిజంగా జరిగిందేమిటో వివరంగా చెప్పండి. (పెదవాల్తేరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఎదురుపడినవి రెండు, మునిగింది ఒకటి. బెంగాల్ ఒంటరిగా కూడా లేదు, దాని పక్కన ఒండినా అనే డచ్ ఆయిల్ ట్యాంకర్ ఉంది. ఆ ట్యాంకర్ ఊసెత్తకుండా ఈ కథ చెప్పడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది, అందుకే మొదటి నుంచీ చెప్తాను.

బెంగాల్ సిడ్నీలో తయారైంది. ఆస్ట్రేలియా యుద్ధకాలంలో బాథర్స్ట్ తరగతి అనే చిన్న మైన్‌స్వీపర్లను వరసబెట్టి 60 కట్టింది. అందులో నాలుగు అప్పటి రాయల్ ఇండియన్ నేవీకి వచ్చాయి: బెంగాల్, బొంబాయి, మద్రాస్, పంజాబ్. పొడవు 57 మీటర్లు, బరువు దాదాపు 650 టన్నులు, ఎంత తోలినా వేగం 15 నాట్లు, అంటే గంటకు దాదాపు 28 కిలోమీటర్లు. పేరుకు మైన్‌స్వీపరే గానీ యుద్ధంలో ఓడలు చాలక వీటితో అన్ని పనులూ చేయించారు, జలాంతర్గాములను వెతకడం, సరుకు ఓడలకు కాపలా వెళ్లడం లాంటివి. బెంగాల్ నేవీలో చేరింది 1942 ఆగస్టులో. అంటే నవంబరు నాటికి మూడు నెలల ఓడ, ఇంకా ఇండియా రేవు చూడనే లేదు.

నవంబరు 5న ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్ నుంచి ఒండినాకు కాపలాగా హిందూ మహాసముద్రంలోని డీగో గార్సియా దీవి వైపు బయల్దేరింది. ఆరు రోజుల తర్వాత, 11వ తేదీ మధ్యాహ్నానికి ముందు, కోకోస్ దీవులకు నైరుతిగా చుట్టూ నీళ్లు తప్ప ఏమీ లేని చోట, ముందు ఒక ఓడ కనపడింది, దాని వెనకే ఇంకొకటి. అవి హోకోకు మారు, ఐకోకు మారు. రెండూ ఒసాకా కంపెనీ ఒకటి ప్రయాణికుల కోసం కట్టించుకున్న పెద్ద ఓడలు, ఒక్కొక్కటి 10,000 టన్నుల పైమాటే, యుద్ధం రాగానే వాటికి ఫిరంగులూ టార్పెడోలూ బిగించి సరుకు ఓడల వేటకు వదిలారు. వేగం 21 నాట్లు. అంతకుముందే మే నెలలో జెనోటా అనే ఇంకో డచ్ ట్యాంకర్‌ను పట్టుకుపోయారు, జూన్‌లో ఎలీసియా అనే బ్రిటిష్ ఓడను ముంచారు, జులైలో హౌరాకీని పట్టుకున్నారు. అంటే పని బాగా తెలిసినవాళ్లు.

లెక్క ఒకసారి చూడండి. వాళ్లవి 14 సెంటీమీటర్ల ఫిరంగులు, ఒక్కో గుండు బరువు 38 కిలోలు. బెంగాల్‌ మీద ఉన్న పెద్ద ఫిరంగి ఒకే ఒక్క 12 పౌండర్, దాని గుండు అయిదున్నర కిలోలు. అది కాక విమానాల మీద కాల్చే చిన్న ఓర్లికాన్ తుపాకులున్నాయి. ఒండినాకు వెనక వైపు ఒక 4 అంగుళాల ఫిరంగి, దానికి 32 గుండ్లు. పారిపోదామా అంటే శత్రువు వేగం 21, ఒండినా వేగం 12.

బెంగాల్ కెప్టెన్ లెఫ్టినెంట్ కమాండర్ విలియం జోసెఫ్ విల్సన్, రిజర్వ్ నుంచి వచ్చిన అధికారి. ఒండినాకు నువ్వు తప్పుకుని వెళ్లిపో, తర్వాత ఫలానా చోట కలుసుకుందాం అని సంకేతం పంపి, తన ఓడను నేరుగా శత్రువు మీదికి తిప్పాడు. దీన్ని తెగింపు అని ఒక్క మాటలో తేల్చేస్తారు గానీ, అందులో లెక్క కూడా ఉంది. దూరంగా ఉంటే శత్రువు గుండ్లు తగుల్తాయి, తన గుండ్లు తగలవు. దగ్గరికి పోతేనే ఆ చిన్న ఫిరంగికి ఏ కాస్తో పని ఉంటుంది. పైగా శత్రువు ఎంతసేపు తన మీద కాలిస్తే ట్యాంకర్‌కు అంత దూరం దొరుకుతుంది. ఆ టైమ్ కొనడానికే వెళ్లాడు, గెలవడానికి కాదు.

ఒండినా కెప్టెన్ విలెం హోర్స్‌మన్ మాత్రం వెళ్లిపోలేదు. 12 నాట్లతో పరిగెత్తి ఎక్కడికి పోతాం అనుకుని తనూ కాల్చడం మొదలుపెట్టాడు. రెండు చిన్న ఫిరంగులూ హోకోకు మారునే గురి పెట్టాయి. కొద్దిసేపట్లో ఒక గుండు వెళ్లి దాని టార్పెడో గొట్టాలున్న చోట తగిలింది. అంతే, భారీ పేలుడు, వెనక భాగమంతా మంటలు. ఆ మంట మందుగుండు గదికి పాకి ఇంకా పెద్ద పేలుడు జరిగి ఓడ మునిగింది. కెప్టెన్ ఇమాజాటోతో సహా 76 మంది పోయారు.

ఆ గుండు ఎవరిది? డచ్‌వాళ్లు ఒండినాది అంటారు, మనవాళ్ల రాతల్లో బెంగాల్‌ది అని ఉంటుంది. నన్నడిగితే గుండు బరువును బట్టీ, తగిలిన చోటును బట్టీ ఒండినా వైపే మొగ్గుతాను. అలా అన్నంత మాత్రాన బెంగాల్‌కు తక్కువేమీ లేదు, ఎందుకంటే శత్రువు ఫిరంగులు రెండు గురుల మధ్య చీలిపోయింది బెంగాల్ ఎదురెళ్లినందువల్లే.

తర్వాతి భాగం వాట్సాప్‌లో రాదు. గుండ్లు అయిపోవస్తుండగా, దెబ్బలు తిన్న బెంగాల్ పొగ వదులుతూ తప్పుకుంది. ఒండినా మునిగిపోయి ఉంటుందనే అనుకున్నారు, అలాగే రిపోర్టు కూడా ఇచ్చారు. బెంగాల్‌లో ఒక్కరికీ ప్రాణం పోలేదు. అటు ఐకోకు మారు ఒండినా మీద పడింది. 32 గుండ్లూ అయిపోయాక హోర్స్‌మన్ ఓడ వదిలేయమని ఆర్డర్ ఇచ్చాడు, ఆ వెంటనే బ్రిడ్జి (ఓడను నడిపే చోటు) మీద పడిన గుండుకు చనిపోయాడు. రెండు టార్పెడోలు వేశారు. అంతటితో ఆగకుండా ప్రాణాలు దక్కించుకోవడానికి చిన్న పడవల్లోకి దిగినవాళ్ల మీద మెషిన్ గన్‌తో కాల్చారు, అందులో చీఫ్ ఇంజనీరు, మరికొందరు పోయారు. ఒండినా ఎలాగూ మునుగుతుందనుకుని ఐకోకు మారు తనవాళ్లను నీళ్లలోంచి ఎక్కించుకుని వెళ్లిపోయింది.

కానీ ఒండినా మునగలేదు. మిగిలిన డచ్, చైనా సిబ్బంది, బ్రిటిష్ గన్నర్లు మళ్లీ ఓడెక్కి, మంటలు ఆర్పి, ఒక పక్కకు ఒరిగిపోయిన ఓడను అటు నుంచి ఇటు నీళ్లు నింపి నిలబెట్టి, నవంబరు 18న ఫ్రీమాంటిల్ చేర్చారు. గాయపడినవాళ్లు మంటల మధ్య, నొప్పుల మధ్య వారం రోజులు ఆ ఓడలో ఉన్నారు. విల్సన్‌కు డి.ఎస్.ఓ. అనే బ్రిటిష్ సైనిక పతకం వచ్చింది, భారతీయ నావికులకూ పతకాలు వచ్చాయి. హోర్స్‌మన్‌కు డచ్ ప్రభుత్వం మరణానంతరం శౌర్య పతకం ఇచ్చింది. బెంగాల్ స్వాతంత్ర్యం తర్వాత ఐ.ఎన్.ఎస్. బెంగాల్‌గా కొనసాగి 1960లో తుక్కుకు వెళ్లింది. కనీసం దాని ముక్క ఒకటి మ్యూజియంలో పెట్టి ఉంటే బాగుండేది అని నాకు ఎప్పుడూ ఉంటుంది.

ప్రశ్న: అసలు సముద్రంలో మైన్లు ఎలా తీస్తారండీ? ముట్టుకుంటే పేలే వస్తువు దగ్గరికి ఓడ వెళ్తే ఓడే పేలదా? (అమలాపురం నుంచి ఒక ఇంటర్ విద్యార్థిని)

జవాబు: మంచి ప్రశ్న అమ్మా. పేలిన సందర్భాలు చాలా ఉన్నాయి.

పాత రకం మైను ఒక పెద్ద ఇనుప గోళం. లోపల పేలుడు మందు, మిగతా అంతా గాలి, అందుకే తేలాలని చూస్తుంది. అడుగున ఉన్న బరువుకు తీగతో కట్టేసి ఉంటుంది కాబట్టి పైకి రాలేక, నీటి మట్టానికి కొన్ని మీటర్ల కింద, కనపడకుండా నిలబడి ఉంటుంది. గోళం మీద కొమ్ముల్లాంటివి పొడుచుకుని ఉంటాయి. కొమ్ము పైతొడుగు మెత్తటి సీసం, లోపల గాజు గొట్టం, అందులో ఆమ్ల ద్రావణం. ఓడ తగిలితే సీసం వంగుతుంది, గాజు పగులుతుంది, ద్రావణం కిందికి జారి అక్కడున్న పలకల మీద పడి అప్పటికప్పుడు ఒక బ్యాటరీ తయారవుతుంది. ఆ కరెంటే మందును పేలుస్తుంది. బ్యాటరీ ముందునుంచీ ఉండదు కాబట్టి డౌన్ అయిపోవడం అనేది లేదు, ఏళ్ల తరబడి అలా కూర్చోగలదు. ఈ తెలివి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది.

దీన్ని తీయాలంటే మైనును కాదు, దాని తీగను పట్టుకోవాలి. మైన్‌స్వీపర్ వెనక నుంచి వందల మీటర్ల ఉక్కు తీగ వదులుతారు. ఓడకు దగ్గర్లో ఒక పలక ఆ తీగను కావలసిన లోతుకు తొక్కి పట్టి ఉంచుతుంది, చివర ఇంకో పలక నీటి ఒత్తిడికి తీగను పక్కకు లాగుతుంది, ఆ చివరి పైన జెండా పెట్టిన తేలే పీపా ఒకటి వస్తుంటుంది, తీగ ఎక్కడిదాకా ఉందో చూపించడానికి. అంటే ఓడ ముందుకు పోతుంటే తీగ ఏటవాలుగా పక్క నీళ్లను జల్లెడ పడుతుంది. తీగ మీద రంపపు పళ్లు, అక్కడక్కడా కత్తెరలు ఉంటాయి. మైను తీగ దానికి తగిలి జారుతూ కత్తెర దాకా వచ్చి తెగుతుంది, గోళం బుడుంగున పైకి లేస్తుంది. అప్పుడు డెక్ మీద నుంచి రైఫిల్‌తో కాల్చి ముంచుతారు, లేదా పేలుస్తారు.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న. తీగ పక్కకు వెళ్తుంది సరే, ఓడ కిందే మైను ఉంటే? అందుకే గుంపుగా వెళ్తారు, వరి కోసేవాళ్లు ఒకరి వెనక ఒకరు మెట్టు మెట్టుగా జరిగినట్టు. రెండో ఓడ మొదటి ఓడ శుభ్రం చేసిన నీళ్లలో నడుస్తుంది, మూడోది రెండోదాని వెనక. శుభ్రం కాని నీళ్లలో ఉండేది ముందు ఓడ ఒక్కటే. ఆ ముందు ఓడలో ఉన్నవాళ్ల టెన్షన్ ఎలా ఉండేదో ఊహించుకో. చివర్లో ఒక ఓడ వస్తూ శుభ్రమైన దారికి హద్దులు తెలిసేలా జెండాల బోయాలు వేసుకుంటూ పోతుంది.

1939లో జర్మనీ అయస్కాంత మైన్లు తెచ్చాక ఈ పద్ధతి చాల్లేదు. అవి అడుగున పడుకుని ఉంటాయి, తెంపడానికి తీగే ఉండదు, పైన ఇనుప ఓడ పోతే దాని అయస్కాంత ప్రభావానికి పేలతాయి. బ్రిటన్ రేవులు మూతపడే పరిస్థితి వచ్చింది. 1939 నవంబరు 22 రాత్రి జర్మన్ విమానం వేసిన మైను ఒకటి థేమ్స్ నది ముఖద్వారం దగ్గర షూబరీనెస్‌లో బురదలో పడింది. మర్నాడు నీళ్లు తీసినప్పుడు జాన్ ఊవ్రీ అనే నేవీ అధికారి తన మనుషులతో వెళ్లి దాన్ని విప్పాడు. లోపల ఏముందో తెలిశాక విరుగుడు వచ్చింది: ఓడ చుట్టూ కరెంటు తీగలు చుట్టి దాని అయస్కాంత గుణాన్ని తగ్గించడం, రెండు ఓడలు పక్కపక్కన తేలే కేబుళ్లు లాగుతూ వాటిలోకి కరెంటు కొట్టి మైన్లను దూరంలోనే పేల్చడం. ఈ పనికి ఇనుము పనికిరాదని చెక్క మైన్‌స్వీపర్లు వందల్లో కట్టారు. సముద్ర పరిశోధకుడు కూస్తో తిరిగిన కాలిప్సో ఓడ ముందు జన్మలో అలాంటి చెక్క మైన్‌స్వీపరే, సియాటిల్‌లో కట్టింది.

తర్వాత ఇంజన్ శబ్దానికి పేలేవి వచ్చాయి, వాటికి ఓడ ముందు భాగంలో సుత్తి యంత్రం పెట్టి మోత చేసేవారు. అన్నిటికంటే దుర్మార్గమైనవి లెక్కపెట్టే మైన్లు. మొదటి ఓడ పోతే ఊరుకుంటాయి, రెండోది పోయినా ఊరుకుంటాయి, పెట్టిన అంకె వచ్చాకే పేలతాయి. అందుకే ఒకే దారిని రోజూ, మళ్లీ మళ్లీ ఊడ్చేవారు. ఈ ఓడల యుద్ధ సేవ అంటే నూటికి తొంభై పాళ్లు ఇదే. బెంగాల్ లాంటి పోరాటం చాలా అరుదు.

ప్రశ్న: మాది వేట కుటుంబం. ఈ ఓడల్లో మాలాంటి జాలరులు పని చేశారా, లేక అందరూ నేవీ ట్రైనింగ్ తీసుకున్నవాళ్లేనా? (ఉప్పాడ నుంచి)

జవాబు: బ్రిటన్ విషయంలో అయితే జాలరులు లేకుండా ఈ పని నడిచేదే కాదండీ. ట్రాలర్ వెనక నుంచి బరువైన వల వదలడం, విన్చ్‌తో లాగడం, తీగ మెలిపడితే చేత్తో పట్టుకుని చూసి చెప్పడం, గాలివానలో డెక్ మీద నిలబడడం, ఇవన్నీ వాళ్లకు పుట్టుకతో వచ్చిన విద్యలు. మైన్లు తీయడానికి కావలసినవీ అవే. అందుకని చేపల ట్రాలర్లను మనుషులతో సహా తీసుకుని రాయల్ నేవల్ పాట్రోల్ (గస్తీ) సర్వీస్ అని ఒక విభాగం నడిపారు, దాని కేంద్రం ఇంగ్లండ్ తూర్పు తీరంలో లోస్టాఫ్ట్ అనే చేపల రేవు. సముద్రం తప్ప వేరే సమాధి లేని ఆ విభాగం వాళ్లు 2,385 మంది పేర్లు అక్కడి స్మారకం మీద చెక్కి ఉన్నాయి. పెద్ద యుద్ధనౌకల కెప్టెన్లకు దొరికిన పేరు వీళ్లకు దొరకలేదు, దొరకాల్సింది.

ప్రశ్న: మైన్లు కాకుండా మైన్‌స్వీపర్లకు అతి పెద్ద ప్రమాదం ఏది? (కరీంనగర్ నుంచి ఒక రిటైర్డ్ టీచర్)

జవాబు: మాస్టారూ, ప్రమాదాలు చాలా ఉన్నాయి. తీగ లాగుతున్న ఓడ చటుక్కున తిరగలేదు, వేగం పెంచలేదు, గీత గీసినట్టు ఒకే దారిలో పోవాలి, కాబట్టి ఒడ్డు మీది ఫిరంగికైనా విమానానికైనా తేలికైన గురి. 1944 జూన్ 6న నార్మండీ తీరంలో సైన్యం దిగిందని అందరికీ తెలుసు. ఆ సైన్యానికి ముందు 250కి పైగా మైన్‌స్వీపర్లు ఇంగ్లిష్ ఛానల్‌లో దారులు తీశాయి, వాటిలో కొన్ని 5వ తేదీ సాయంత్రానికే ఫ్రాన్స్ తీరం కనపడేంత దగ్గరికి పోయాయి. ఆ సాయంత్రమే ఆస్‌ప్రే అనే అమెరికన్ మైన్‌స్వీపర్ మైను తగిలి మునిగి ఆరుగురు పోయారు. ఒక్క సైనికుడు కూడా ఇంకా ఇసుక మీద కాలు పెట్టక ముందు సంగతి ఇది.

అన్నిటికంటే బాధ కలిగించేది 1944 ఆగస్టు 27 మధ్యాహ్నం జరిగింది. ఫ్రాన్స్‌లోని లె హావ్ర్ రేవు దగ్గర్లో బ్రిటిష్ మైన్‌స్వీపర్లు పట్టపగలు, మంచి ఎండలో, తమ పని చేసుకుంటున్నాయి. సొంత దేశపు టైఫూన్ విమానాలు వచ్చి రాకెట్లతో కొట్టాయి. పైలట్లకు అనుమానం వచ్చింది, ఇవి మనవాళ్లవిలా ఉన్నాయని రేడియోలో పదేపదే అడిగారు, కొట్టమనే జవాబు వచ్చింది. ఓడల పని మారిన కబురు ఆ ప్రాంతపు నేవీ అధికారికి చేరకపోవడం దీనికి మూలం. బ్రిటోమార్ట్, హుస్సార్ మునిగాయి, సాలమాండర్ మళ్లీ పనికి రాకుండా పోయింది. 117 మంది చనిపోయారు. బతికినవాళ్లను దీని గురించి మాట్లాడొద్దన్నారు, చాలా ఏళ్లు మాట్లాడలేదు కూడా. ఒక కాగితం పంపాల్సిన జాబితాలో ఒక పేరు లేకపోవడం వల్ల ఇంతమంది పోవడం నాకు మింగుడుపడదు.

ప్రశ్న: చెట్లు కట్టుకుని దీవిలా వేషం వేసుకున్న ఓడ ఫొటో నెట్‌లో తిరుగుతోంది. అది ఫొటోషాపా? (హైదరాబాద్, మియాపూర్)

జవాబు: కాదు, నిజం ఓడే. పేరు అబ్రహాం క్రైన్సెన్, డచ్ నేవీ మైన్‌స్వీపర్, 1937లో సేవలోకి వచ్చింది. ఇప్పటి ఇండోనేషియా అప్పట్లో డచ్‌వాళ్ల చేతుల్లో ఉండేది. 1942 ఫిబ్రవరి 27న జావా సముద్ర యుద్ధంలో మిత్రపక్షాలు ఓడిపోయాక, సురబయలో మిగిలిన ఓడలను ఆస్ట్రేలియాకు తప్పించుకోమన్నారు. చుట్టూ జపాన్ ఓడలు, పైన జపాన్ విమానాలు. ఈ మైన్‌స్వీపర్ వేగం 15 నాట్లు, దాని దగ్గరున్న ఫిరంగులతో చేయగలిగింది పెద్దగా లేదు.

సిబ్బంది దగ్గర్లోని దీవిలో చెట్లు కొట్టి తెచ్చి డెక్ అంతా కొమ్మలు కట్టారు, కొమ్మలు కప్పని చోట్ల రాళ్లలా కనపడేలా రంగు పూశారు. అయినా కదిలే దీవి అంటూ ఉండదు కదా, అందుకే తెల్లారేసరికి ఏదో ఒక దీవి ఒడ్డుకు ఆనుకుని లంగరు వేసి పగలంతా కదలకుండా ఉండేవారు, చీకటి పడ్డాక మాత్రమే నడిపేవారు. ఈ క్రమశిక్షణే వాళ్లను కాపాడింది అంటాను నేను, ఒక్క పగలు ఓపిక పట్టలేకపోయినా అయిపోయేది. అదే తరగతికి చెందిన యాన్ వాన్ ఆమ్‌స్టెల్ జపాన్ డిస్ట్రాయర్ కంటపడి మార్చి 8న మునిగింది. మిగతా రెండింటిని శత్రువు చేతికి చిక్కకుండా సొంత సిబ్బందే ముంచేసుకున్నారు. అబ్రహాం క్రైన్సెన్ ఒక్కటే మార్చి 20న పశ్చిమ ఆస్ట్రేలియాలోని జెరాల్డ్‌టన్ చేరింది. కొన్నాళ్లు ఆస్ట్రేలియా నేవీలో పని చేసి 1943లో తిరిగి డచ్ జెండా కిందికి వచ్చింది. నెదర్లాండ్స్‌లో ఉన్నవాళ్లు, చదువుకోవడానికి వెళ్లిన మన పిల్లలు వీలైతే డెన్ హెల్డర్ వెళ్లండి, అక్కడి నేవీ మ్యూజియంలో ఓడ ఎక్కి చూడొచ్చు.

ప్రశ్న: బెంగాల్ లాంటి ఓడల్లో మన తెలుగువాళ్లు ఉండేవారా? వాళ్లను ఎలా చూసేవారు? (గుంటూరు)

జవాబు: యుద్ధానికి ముందు రాయల్ ఇండియన్ నేవీ చాలా చిన్నది, నావికుల్లో ఎక్కువమంది కొంకణ్‌లోని రత్నగిరి వైపు ముస్లింలు, పంజాబీ ముస్లింలు. యుద్ధంలో ఒక్కసారిగా వేలల్లో మనుషులు కావలసి వచ్చి దేశమంతటా తీసుకున్నారు, మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి బాగా చేరారు, అందులో తెలుగు జిల్లాలూ ఉన్నాయి. మీ ఇంట్లో తాతగారి పాత డిశ్చార్జి కాగితం ఏదైనా ఉంటే దాని మీద ఓడ పేరు ఉండొచ్చు, పారేయకండి, ఫొటో తీసి పెట్టుకోండి.

ఎలా చూసేవారు అంటే, జీతంలో తేడా, తిండిలో తేడా, నోటి దురుసు. యుద్ధంలో ఒకే డెక్ మీద ఒకే గుండుకు ఎదురు నిలబడ్డవాళ్లకు, యుద్ధం అయ్యాక పురుగుల పప్పూ బూతులూ మిగిలాయి. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో తల్వార్ అనే శిక్షణ కేంద్రంలో మొదలైన నావికుల తిరుగుబాటు అలా వచ్చిందే, అది కరాచీకీ మద్రాసుకీ మన విశాఖకీ పాకింది. పతకాలు ఇచ్చిన చేత్తోనే ఆ కుర్రాళ్లను ఉద్యోగాల్లోంచి తీసేశారు. బెంగాల్ గురించి గర్వంగా చెప్పుకునేటప్పుడు ఇది కూడా కలిపి చెప్పుకోవాలని నా పట్టు.

ప్రశ్న: 1971లో విశాఖ దగ్గర మునిగిన ఘాజీ మైన్లు వేయడానికే వచ్చిందా? (విజయనగరం)

జవాబు: ఘాజీ పాకిస్తాన్ జలాంతర్గామి, దాని ముఖ్య లక్ష్యం మన విక్రాంత్ విమానవాహక నౌక. విక్రాంత్ అప్పటికే అక్కడ లేదు. రేవు దారిలో మైన్లు వేయడం రెండో పని. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ బయట మునిగింది. ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జీల (నీళ్ల లోతులో పేలే బాంబుల) వల్ల అని మన నేవీ, తన మైన్ల వల్లో లోపలి పేలుడు వల్లో అని పాకిస్తాన్ చెబుతూ వచ్చాయి. అదే యుద్ధంలో చిట్టగాంగ్ రేవు చుట్టూ పడిన మైన్లను తీయడానికి 1972లో సోవియట్ నేవీ వచ్చి 1974 దాకా పని చేసింది. యుద్ధం 13 రోజులు, తర్వాత శుభ్రం చేయడానికి రెండేళ్లు.

ప్రశ్న: మన ఊళ్ల పేర్లతో మైన్‌స్వీపర్లు ఏమైనా ఉన్నాయా? (కాకినాడ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మీ ఊరి పేరుతోనే ఉండేదండీ. ఐ.ఎన్.ఎస్. కాకినాడ సోవియట్ యూనియన్‌లో కట్టిన పాండిచ్చేరి తరగతి మైన్‌స్వీపర్, 1986లో చేరింది, 2017 మేలో ముంబైలో సెలవు తీసుకుంది. అంతకుముందు 1950ల్లో బ్రిటన్ నుంచి వచ్చిన చిన్న మైన్‌స్వీపర్లలో ఒకదానికి భీమునిపట్నం పాత ఇంగ్లిష్ పేరు పెట్టారు, ఐ.ఎన్.ఎస్. బిమ్లిపటం. ఆ పాండిచ్చేరి తరగతిలో చివరిదైన కోజికోడ్‌ను 2019 ఏప్రిల్‌లో విశాఖలోనే విరమింపజేశారు. దాంతో ఇంత పొడవు తీరం, ఇన్ని రేవులు ఉన్న దేశానికి ఒక్క మైన్‌స్వీపర్ కూడా లేకుండా పోయింది. కొత్తవి కొనే చర్చ అంతకు చాలా ఏళ్ల ముందు నుంచీ నడుస్తోంది, 2025 జులైలో 12 ఓడల ప్రతిపాదనకు రక్షణ శాఖ నుంచి మొదటి అనుమతి వచ్చింది. వాటిలో ఒకదానికి మళ్లీ కాకినాడ పేరు పెట్టమని మీరు రాయండి, మేమూ రాస్తాం.